అక్టోబరు నుంచి మార్చి దాకా అంతా ఆహ్లాదమే!

ఊరు చూడకుండా ఊరి ఎండావానల మీద తీర్పు చెప్పాలంటే గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యం పర్యాటక గైడ్లు రాసేవారికి పుష్కలంగా ఉంది. ఏ ఊరి పేజీ తిప్పినా ‘సందర్శనకు అనువైన కాలం’ అని ఒక గడి కనిపిస్తుంది. అందులో ‘అక్టోబరు నుంచి మార్చి’ అని ముందే అచ్చేసి పెట్టుకున్నట్టుంటుంది. జైపూర్‌కీ అదే, ఆగ్రాకీ అదే, హంపికీ అదే. తిరుపతి వంతు వస్తే మాత్రం ఎందుకు మారుస్తారు? కొందరు ఉదారులు సెప్టెంబరులోనే మొదలుపెట్టి ఫిబ్రవరితో సరిపెడతారు. పక్కనే రెండు ఉచిత సలహాలు: నూలు బట్టలు తెచ్చుకోండి, వేసవిలో మాత్రం రాకండి.

ఈ గడి ఉత్తరాది ఒంటికి కుట్టిన చొక్కా. ఢిల్లీ, ఆగ్రాల వైపు నైరుతి రుతుపవనాలు సెప్టెంబరుతో మూట సర్దేస్తాయి. ఆకాశం తేటపడుతుంది, చలి మొదలవుతుంది, కోటలూ సమాధులూ హాయిగా చూసుకోవచ్చు. తిరుపతి ఉన్న చిత్తూరు సీమ లెక్క వేరు. అక్కడ మూట సర్దుకున్న నైరుతి తిరుగుముఖం పట్టాకే ఇక్కడ ఈశాన్య రుతుపవనాల ఆట మొదలవుతుంది. వాతావరణ శాఖ ఈశాన్య రుతుపవనాల ఖాతాలో వేసే అయిదు ప్రాంతాల్లో రాయలసీమ ఒకటి. తిరుపతి నుంచి తూర్పుగా వెళితే వంద కిలోమీటర్ల లోపే బంగాళాఖాతం. అక్కడ వాయుగుండం కట్టిందంటే మేఘాలొచ్చి శేషాచలం కొండలకు తగులుకుంటాయి. తిరుపతికి బాగా వాన కురిసే నెలలు అక్టోబరు, నవంబరు. అంటే గైడు ‘ఆహ్లాదకరం’ అని ముద్ర కొట్టిన ఆరు నెలల్లో మొదటి సగం తుపానుల పాలే.

ఇక్కడింకో చిన్న చిక్కు. తిరుపతి భూమధ్యరేఖకు పదమూడున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. ఇలాంటి చోట సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. ఇక్కడ ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి. చలిదేశాల నుంచి తెచ్చిన వేసవి, శీతాకాలం అనే కొలబద్ద పెట్టి కొలిస్తే ఆ రెండో రాక ఏ గడిలోనూ ఇమడదు. గైడుకు అంత ఓపిక ఎక్కడిది?

ఇక ‘వేసవిలో రాకండి’ సంగతి. జనం ఈ సలహాను ఎంత శ్రద్ధగా పాటిస్తున్నారో చూడాలంటే మే నెలలో కొండ మొదట్లోని అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర నిలబడాలి. పిల్లల పరీక్షలు అయిపోతాయి, ఫలితాలు వస్తాయి, పాసైన వాళ్లు మొక్కు తీర్చడానికీ తప్పినవాళ్లు కొత్తగా మొక్కుకోవడానికీ బయల్దేరుతారు. కార్ల బారు అలిపిరి దాటి ఊళ్లోకి పాకుతుంది. కింద 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. సుమారు 850 మీటర్ల ఎత్తున్న తిరుమలలో నాలుగైదు డిగ్రీలు తక్కువే గాని, రాతికి ఆ తేడా తెలియదు. మిట్టమధ్యాహ్నం మాడవీధుల్లో చెప్పుల్లేని పాదాల నాట్యం చూడాల్సిందే. కాళ్లు కాలకుండా నేలకు తెల్లటి చలువ పెయింటు పూస్తారు, పందిళ్లు వేస్తారు, నీళ్లు చల్లుతారు. ఆ తెలుపు చెరిగిపోయిన చోట, మనవణ్ని చంకనేసుకున్న తాత ‘గోవిందా’ అంటూ ఒక్క అంగలో ఇవతలి తెలుపు మీంచి అవతలి తెలుపు మీదికి దూకుతాడు. అప్పుడే గుండు చేయించుకున్న మనవడి తలమీద చందనం ఆరిపోయి బీటలు వారి ఉంటుంది. ఈ ఇద్దరికీ ఎవరైనా అనువైన కాలం పట్టిక చూపించాలి!

అదే మే నెలలో, కత్తిరి ఎండలు మాడ్చేస్తుండగా, కొండ కింద తాతయ్యగుంట గంగమ్మ జాతర. అవిలాల నుంచి పుట్టింటి సారె వస్తుంది, రాత్రి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదని పాత కట్టుబాటు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఇలా రోజుకొకటి. మీసాలున్న మగవాళ్లు చీరకట్టి, బొట్టుపెట్టి, జడవేసుకుని ఎర్రటి ఎండలో గుడికి నడుస్తారు. ఇంతటి వేడుకను గైడు ఒక్కమాటలో తేల్చేస్తుంది: ఆఫ్ సీజన్.

జూన్ కూడా ఆఫ్ సీజనేనట. చిత్తూరు జిల్లాలో ఎవరిముందైనా ఆ మాట అని చూడండి. బేనీషా మామిడికాయలు అప్పటికి మార్కెట్ నిండా ఉంటాయి, తోతాపురి కోతకు వస్తుంది, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరతాయి. 2025లో ధర పడిపోయి, కొనే దిక్కులేక రైతులు కాయల్ని రోడ్ల పాలు చేసిందీ ఈ కాలంలోనే. జిల్లా బతుకంతా ఈ పంట మీద ఆధారపడి ఉంటే, పర్యాటకుడికి అప్పుడు ఇక్కడ చూడటానికేమీ లేదని తీర్పు.

వాతావరణం చూసుకుని ఈ సీమకు వచ్చినవాళ్లే లేరని కాదు. ఎండకు తాళలేని కడప కలెక్టరు హార్స్‌లీ దొర పందొమ్మిదో శతాబ్దంలో మదనపల్లె దగ్గరి కొండమీద బంగళా కట్టుకుంటే, కొండకు ఆయన పేరే స్థిరపడింది. పొడిగాలి క్షయరోగులకు మంచిదని 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానిటోరియం పెట్టారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో విశ్రాంతిగా గడిపి, ‘జనగణమన’ను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. ఫిబ్రవరి గనక గైడుకు ఇక్కడ ఒక మార్కు వేయాలి. కాకపోతే వీళ్లెవరూ శ్రీవారి దర్శనం క్యూ కోసం వచ్చినవాళ్లు కారు.

క్యూ అంటే గుర్తొచ్చింది. ‘రద్దీ లేని రోజుల్లో వెళ్లండి’ అని రాసిన పేజీలోనే, రెండు వరుసల కింద ‘బ్రహ్మోత్సవాలు తప్పక చూడండి’ అని ఉంటుంది. ఆ ఉత్సవాల్లో గరుడసేవ రాత్రి మాడవీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదన్న విషయం రెండో వరుస రాసినాయన మొదటి వరుస రాసినాయనకు చెప్పలేదు కాబోలు. అది చాలదన్నట్టు తమిళుల పెరటాసి నెల. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, ముఖ్యంగా శనివారాల్లో, పసుపు బట్టల తమిళ భక్తులు కాలినడకన వస్తూనే ఉంటారు. గరుడసేవకు చెన్నై నుంచి గొడుగులు ఊరేగింపుగా వస్తాయి. డిసెంబరు, జనవరిల్లో ధనుర్మాసం, వైకుంఠ ఏకాదశి, ఆ పైన సంక్రాంతి సెలవులు. గైడు దృష్టిలో జనవరి అన్నిటికన్నా చల్లని, చక్కని నెల. 2025లో ఆ చక్కని నెలలోనే, 8వ తేదీ రాత్రి, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతి కౌంటర్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అక్కడ కావలసింది చల్లగాలి కాదు, గేటు దగ్గర జనాన్ని సర్దే తెలివి.

మరి రద్దీయే లేని కాలం ఒక్కటీ లేదా? ఉంది. 2020 మార్చి 20న కరోనా వల్ల దర్శనం ఆగింది, జూన్ 8 దాకా మొదలు కాలేదు. అలిపిరి ఖాళీ, ఘాట్‌రోడ్లు ఖాళీ, క్యూ కంపార్టుమెంట్లు ఖాళీ. రద్దీ లేని తిరుమల కోరుకున్న గైడుల కల అక్షరాలా నెరవేరింది. భక్తులకే ప్రవేశం లేదు.

అసలు తిరుపతిలో సీజన్ నిర్ణయించేది ఆకాశం కాదు, కోటా. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను మామూలుగా నెలలో 24వ తేదీ ఉదయం 10 గంటలకు, మూడు నెలల ముందుగా ఆన్‌లైన్‌లో వదులుతారు. ఆ ఉదయం ఎన్నో తెలుగు ఇళ్లలో పనులు ఆగిపోతాయి. ఒకరు ల్యాప్‌టాప్ ముందు, ఒకరు ఫోన్‌తో మేడమీద సిగ్నల్ దగ్గర, అమెరికాలో ఉన్న అల్లుడు అర్ధరాత్రి మేలుకుని మూడో లాగిన్‌లో. తెరమీద వర్చువల్ క్యూ. పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు కొట్టి తేదీ నొక్కేసరికి పచ్చరంగు కాస్తా ఎర్రబడుతుంది. దొరికిన తేదీయే అనువైన కాలం. ఇక సిఫారసు లేఖతో వచ్చేవారికి శీతోష్ణస్థితితో అసలు పనే లేదు. వేసవి రద్దీలో ఆ లేఖల్ని ఆపినప్పుడు మాత్రమే వాళ్లకు ఎండ తగులుతుంది.

ఆగస్టు 24న నవంబరు టికెట్టు దొరికినాయన సంబరానికి అంతుండదు. గైడు ప్రకారం అది బంగారం లాంటి నెల. మూడు నెలల తర్వాత బంగాళాఖాతంలో ఏం కడుతుందో ఆ టికెట్టు మీద రాసి ఉండదు.

2021 నవంబరు 18 టికెట్ల మీద రాసి ఉంటే ఎంత బాగుండేది! ఆ రోజు కురిసిన కుండపోతకు తిరుమల మాడవీధులు నీళ్లతో నిండాయి. అలిపిరి మెట్లమీద జనానికి బదులు వరద దిగింది. నడకదారులు రెండూ మూశారు, ఘాట్‌రోడ్లూ మూశారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప నీరు కనిపించని స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి, తిరుచానూరు దగ్గర ఇల్లు నదిలోకి ఒరిగిపోవడం దేశమంతా వీడియోలో చూసింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. డిసెంబరు 1 తెల్లవారుజామున కొండకెక్కే ఘాట్‌రోడ్డు మీద బండలు విరిగిపడి దారి తెగింది. శ్రీవారిమెట్టు దారి ఎంత దెబ్బతిన్నదంటే, బాగుచేసి మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది.

ఆ వానల్లో రాలేకపోయిన టికెట్ల వారికి టీటీడీ ఒక వెసులుబాటు ఇచ్చింది: ఆరు నెలల్లోపు మరో తేదీ ఎంచుకోవచ్చు. నవంబరు చివరి నుంచి వేళ్లు మడిచి ఆరు నెలలు లెక్కపెడితే ఎక్కడ తేలుతాం? మే చివర్లో. గైడుని నమ్మి నవంబరు ఎంచుకుని, గడువు ముగిసేదాకా తాత్సారం చేసిన భక్తుడు చేతిలో నీళ్ల సీసాతో, తలమీద తువ్వాలుతో, గైడు వద్దుగాక వద్దన్న నెలలోనే కొండెక్కి ఉంటాడు. నూలు బట్టలు మాత్రం పనికొచ్చి ఉంటాయి.