పళ్ళు రాని మందారం

పూత లేని మొక్క గేటు పక్కనుంటే ఆ ఇంటికి సలహాలకు కొదవుండదు.

మా మొక్కని తోపుడుబండి ఆయన ముద్దమందారం అని చెప్పి అమ్మాడు. రుజువుగా కొమ్మకి ఒక రంగుల ఫోటో కూడా వేలాడదీశాడు. మరుసటి వారం మళ్ళీ మా వీధిలోకి వస్తే ఆపి అడిగాను: "మందారం ఆకు అంచుకి రంపపు పళ్ళుంటాయి కదయ్యా, దీనికి నున్నగా ఉందేం?"

"చిన్నమొక్క కద్సార్, పళ్ళింకా రాలేదు" అన్నాడు. ఆ సమాధానానికి ముచ్చటపడి ఒక తులసిమొక్క కూడా కొన్నాను.

పక్కింటి పిన్నిగారు మాత్రం "గన్నేరులా ఉంది నాయనా, పీకేయ్, విషం" అన్నారు. విషం మాట నిజమే. గన్నేరుకి ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. పశువులు మూతి పెట్టవనీ, నీళ్ళు తక్కువైనా బతుకుతుందనీ హైవే డివైడర్ల మీద దాన్ని బారులు బారులుగా నాటుతారు. పైవాటా కుర్రాడు ఫోన్‌తో ఫోటో తీసి "కాఫీ మొక్క అంకుల్" అని తేల్చేశాడు. ఆ రోజు నుంచీ మా ఆవిడ అరకు వెళ్దామనడం మానేసింది.

ఎదురింటి మాస్టారు బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఓ ఆకు తుంచారు. తెల్లటి పాలు బొటబొటా కారాయి. "కాఫీ కాదు, మందారం అసలే కాదు. ఎపోసైనేసీ" అన్నారు. పేరేమిటంటే "పువ్వు రానీ" అని వెళ్ళిపోయారు. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం, అందరిదీ ఆ కుటుంబమే. శాస్త్రంలో ఉన్న సుఖమిదే, ఇంటిపేరు చెప్పి వాయిదా కోరవచ్చు.

చివరికి కేసు తేల్చింది ఒక పురుగు.

ఓ పొద్దున చూస్తే కొమ్మ చివర ఆకులు మాయం, కింద నల్లటి రెట్ట గుళికలు. వెతగ్గా వెతగ్గా, వేలెడు లావున ఆకుపచ్చ పురుగొకటి దొరికింది. తల దగ్గర రెండు నీలిరంగు కళ్ళు, తోక మీద ఒక కొమ్ము. ఆ కళ్ళు కళ్ళు కావు, పిట్టల్ని బెదిరించే మచ్చలు. మాస్టారు దానికి నమస్కారం పెట్టినంత పని చేశారు. "డాఫ్నిస్ నెరీ! గన్నేరు తిని అరాయించుకునే ఘనుడు. నందివర్ధనమన్నా, బిళ్ళగన్నేరన్నా కూడా ప్రాణం." అది గనక మొక్కని పొరబడితే ఆ పూట పస్తే. మనకలాంటి ఇబ్బంది లేదు కాబట్టే ఇన్ని పేర్లు పెట్టాం.

"అయితే గన్నేరేనా?" అన్నాను దిగులుగా. ఆయన కణుపు చూపించారు. గన్నేరుకి కణుపుకి మూడేసి ఆకులు, దీనికి ఎదురెదురుగా రెండేసి. పచ్చగన్నేరుకీ దేవగన్నేరుకీ ఆకులు ఇలా జంటగా రావు. బిళ్ళగన్నేరు ఇంతెత్తు ఎదగదు. మిగిలింది నందివర్ధనం.

పురుగుని చంపనివ్వలేదాయన. అది తిన్నంత తిని, రంగు మారి, రాలిన ఆకుల కిందికి దిగిపోయింది. వానలు పడగానే మొక్క మళ్ళీ చిగిర్చి పూసింది. గాలిపంకాలా ఒకే వైపు తిరిగిన అయిదు తెల్లటి రేకులు. అంటే ముద్దదీ కాదు, ఒంటిరేకుదే.

దీని శాస్త్రీయ నామంలో టాబర్నేమోంటానస్ అనే 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు కూర్చుని ఉన్నాడు. తెల్లారకముందే ప్లాస్టిక్ సంచులతో వచ్చి కోసుకెళ్ళేవాళ్ళకి ఆయనతో పనిలేదు. పిన్నిగారు కళ్ళకి చలవంటూ రోజూ దోసెడు పట్టుకెళుతున్నారు, "నందివర్ధనమని నేను మొదటే చెప్పలా!" అని జ్ఞాపకం చేస్తూ.

వానాకాలంలో కొమ్మ గుచ్చితే చాలు, ఇట్టే బతుకుతుంది. కావలసినవాళ్ళు ఈసారి ముందే చెప్పండి, కత్తిరించి ఇస్తాను. ముద్దమందారం కావాలంటే మాత్రం బండాయన్ని అడగండి. పళ్ళు చూసి తీసుకోండి.