జార్ దొర ఒంటిచక్రం బండి

అప్పటి లండన్ మేయరు బోరిస్ జాన్సన్ గారు 2014 మార్చి 31న డెట్‌ఫర్డ్ ఓడల యార్డు ఫైలు మీద ‘కానీండి’ అనేశారు. 1513లో ఎనిమిదో హెన్రీ తన నౌకాదళం కోసం పెట్టించిన యార్డు అది. అక్కడ 3,500 ఇళ్లు లేపాలన్న పథకం అది, ఒక టవరైతే ఏకంగా 48 అంతస్తులు. అప్పట్లో రాష్ట్రం పంపకాల్లో మునిగున్న మనకు లండన్ గొడవెందుకంటారా? ఈస్టిండియా కంపెనీ తొలినాళ్లలో ఓడలు కట్టించుకున్నది ఈ డెట్‌ఫర్డ్‌లోనే. 1611లో మచిలీపట్నంలో దిగినవాళ్లు ఆ కంపెనీవాళ్లే. పాత చుట్టాల యోగక్షేమాలు కనుక్కోవద్దూ!

మేయరు గారి నిర్ణయంతో నాకు పేచీ లేదు. అనుమతి పత్రంలో పేరే తప్పు పడింది. హాంకాంగ్ కంపెనీ హచిసన్ వాంపోవా పేరు రాశారు. న్యాయంగా అది రష్యా జార్ పీటరుకు దక్కాలి. ఆ ప్రాంతాన్ని ‘అభివృద్ధి’ చేయడంలో ఆయనకు 316 ఏళ్ల సీనియారిటీ ఉంది.

1698లో ఓడలు కట్టడం నేర్చుకుందామని పీటరు వచ్చి, యార్డు పక్కనే ఉన్న సేయ్స్ కోర్టులో మకాం పెట్టాడు. ఆ ఇల్లు జాన్ ఎవెలిన్‌ది. నౌకాదళానికి కలప కరువొస్తుందని బెంగపడి 1664లో చెట్ల పెంపకం మీద పుస్తకం అచ్చేయించిన పెద్దమనిషి. తోటలో 400 అడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తున హాలీ మొక్కల కంచె పెంచుకుని మురిసిపోయేవాడు. జార్ దొర ఒంటిచక్రం బండిలో కూర్చుని, మనుషుల చేత తోయించుకుంటూ, ఆ కంచెలోంచి దూసుకుపోయేవాడట. అదీ ఆయన వ్యాయామం.

ఇవాళైతే ఆయన దరఖాస్తు దర్జాగా ఉండేది. కంచె కూలడం ‘నదీతీరానికి ప్రజల రాకపోకల మెరుగుదల’. ఆయన పరివారం ఇంట్లో కిటికీ అద్దాలు పగలగొట్టడం ‘సహజ వాయుప్రసారం’. గోడల మీది చిత్రపటాలను తుపాకీ గురికి వాడుకోవడం ‘కళలతో అతిథుల మమేకం’. బండికి ఇంజను లేదు కనక కాలుష్యం సున్నా. ‘కంచె ఇప్పుడు కనిపించడం లేదు, కాబట్టి కాపాడాల్సిందేమీ లేదు’ అని కన్సల్టెంట్లు వెయ్యి పేజీల్లో తేల్చేవారు. మేయరు గారు కూడా ఊరికే వదిలేవారు కాదు, షరతు పెట్టేవారు: కంచె మళ్లీ మొలిచే వీలుందో లేదో పరిశీలించాలి! 1678 నాటి లెనాక్స్ యుద్ధనౌకను అక్కడే తిరిగి కడతామన్న స్థానికులకూ, ఎవెలిన్ తోట మళ్లీ వేస్తామన్నవాళ్లకూ 2014లో దక్కిన ఊరట దాదాపు ఈపాటిదే.

పీటరు వెళ్లాక నష్టం అంచనాకు క్రిస్టఫర్ రెన్‌ను పంపారు. సెయింట్ పాల్స్ చర్చి కడుతున్న మహానుభావుడు విరిగిన కుర్చీలు లెక్కపెట్టాడు. సుమారు 350 పౌండ్లు తేలింది, ఖజానా చెల్లించింది. అంతేనా, 2001లో డెట్‌ఫర్డ్ ఒడ్డున పీటరుకు విగ్రహం కూడా లేచింది. హచిసన్ వారు అప్పుడే దిమ్మె కట్టించుకుని ఉంటే సిమెంటు ఖర్చు కలిసొచ్చేది.

అయితే పీటరు నేర్చుకోవడానికి వచ్చాడు. నేర్చుకుని వెళ్లి నౌకాదళం కట్టుకున్నాడు. హచిసన్ వాళ్లకు నేర్చుకునే అవసరమే లేకపోయింది. ఆ యార్డు కాంక్రీటు కింద డాకు గోడలున్నాయని, ఓడలు నీళ్లలోకి దించిన వాలుగట్లున్నాయని, తెరచాప కొయ్యలు నానేసిన చెరువులున్నాయని పురావస్తువాళ్లు తవ్వి చూపించారు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఆ యార్డునూ తోటనూ 2014 ప్రమాద జాబితాకెక్కించింది. తెలియక చేశామనడానికి లేదు. ఇళ్లు కావాలి కదా అంటారు. కావాలి, ఎవరు కాదన్నారు? మరి మామూలువాళ్లకు అందే ధరలో నూటికి పదిహేనేనా? మూడున్నర శతాబ్దాలు ఓడలు కట్టిన ఊళ్లో, ఆ ఊరివాళ్లకు మిగిలేది టవర్ల నీడ.

ఎత్తు తగ్గించండి, డాకు ఆనవాళ్లను పైకి కనిపించనివ్వండి అని అడగడమే వాళ్ల నేరం. దానికి ‘జాప్యం’ అని పేరు పెట్టారు. అక్కడి స్థానిక సంస్థ లూయిషమ్ కౌన్సిల్ ఇంకా తేల్చకముందే, కంపెనీ కోరిందే తడవు, 2013 అక్టోబరులో ఫైలు మేయరు బల్ల మీదికి పోయింది. ఊరివాళ్లు ఎన్నుకున్న కౌన్సిల్ చేతిలోంచి గుంజుకుని, కోరిన కంపెనీ చేతిలో పెట్టడానికి ఓట్లేసి మేయరును ఎన్నుకోవడమెందుకు? ఆ పని జీతానికి పెట్టుకున్న గుమాస్తా చేస్తాడు.