మోకాళ్ల మీది సేనాని

తెలుగు క్రైస్తవ సంఘాల్లో, ముఖ్యంగా పెంతెకొస్తు సంప్రదాయానికి చెందినవాటిలోనూ, ఆ గాలి సోకిన బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లోనూ, ‘ప్రార్థనా యోధుడు’ అని పిలిపించుకునే వ్యక్తి ఒకరు తప్పకుండా కనిపిస్తారు. ఇది సంఘం కట్టబెట్టే పదవి కాదు. పాస్టరుకున్నట్టు అభిషేకం గాని, సంఘపెద్దకున్నట్టు ఎన్నిక గాని, కోశాధికారికున్నట్టు లెక్కలు అప్పజెప్పే బాధ గాని దీనికి లేవు. ఎవరి గొంతు మైకు అవసరం లేకుండా వీధి మలుపు దాకా వినిపిస్తుందో, ఎవరి మోకాళ్లు సిమెంటు గచ్చు మీద రెండు గంటలు ఓర్చుకోగలవో, వారికి ఈ బిరుదు దానంతటదే వచ్చి తగులుకుంటుంది. నిజానికి ఈ వర్గంలో స్త్రీలే ఎక్కువ. కానీ స్త్రీలు వంట ముగించి, పిల్లల్ని పంపించి, ముసుగు వేసుకుని చేసే ప్రార్థనను లోకం భక్తి అంటుంది, అదే ప్రార్థనను పురుషుడు చేస్తే యుద్ధం అంటుంది కాబట్టి, ఈ వ్యాసం కూడా ఆ అలవాటుకే లోబడి పురుష యోధుణ్ణి పరిశీలిస్తుంది.

యోధుడి బిరుదుకు ఆధారం ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం. విశ్వాసి పోరాటం సాటి మనుషులతో కాదనీ, కంటికి కనబడని దురాత్మల సమూహాలతోననీ, అందుకోసం దేవుడిచ్చే సర్వాంగ కవచాన్ని ధరించాలనీ సంకెళ్లలో ఉన్న పౌలు అందులో బోధిస్తాడు. నడుముకు సత్యమనే దట్టి, రొమ్ముకు నీతి అనే మైమరువు, పాదాలకు సమాధాన సువార్త అనే జోడు, చేతికి విశ్వాసమనే డాలు, తలకు రక్షణ అనే శిరస్త్రాణం, ఆపైన దేవుని వాక్యమనే ఆత్మఖడ్గం అక్కడ వరుసగా కనిపిస్తాయి. వీటిలో మైమరువు అంటే ఛాతీని కాపాడే కవచం. కావ్యాలు చదివేవారు తగ్గిపోయాక ఆ మాటకు బైబిలే దిక్కయింది. దాని అర్థమేమిటని బజారులో నిలదీస్తే యోధుడు కాస్త తడుముకుంటాడు గాని, దాన్ని ధరించడం మాత్రం ఒక్క రోజూ మానడు.

తెల్లవారుజామున నాలుగున్నరకు జరిగే ఆ ధారణ చూడదగినది. బనియను, గళ్ల లుంగీ మీద ఆయన గదిలో ఒక మూల తూర్పుకు తిరిగి నిలబడి, లేని దట్టిని నడుము చుట్టూ తిప్పి బిగిస్తాడు. రెండు అరచేతులతో ఛాతీని అదిమి మైమరువు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుంటాడు. పాత గాయం వల్ల ఎడమ భుజం పైకి లేవదు కాబట్టి డాలును కుడిచేత్తోనే పట్టి, ఖడ్గం వంతు రాగానే దాన్ని ఎడమచేతికి మారుస్తాడు. శిరస్త్రాణం పెట్టుకునేటప్పుడు తలకు రాసుకున్న కొబ్బరినూనె చేతికి అంటుతుంది. దాన్ని తువ్వాలుకు తుడుచుకుని జోడు దగ్గరికి వస్తాడు. ప్రార్థన గదిలోకి చెప్పులు రానివ్వని ఇల్లు కాబట్టి, సువార్త జోడును ఆయన ఎప్పుడూ ఒట్టి కాళ్లకే తొడుగుతాడు. ఈ సన్నాహం ముగిసేసరికి వంటింట్లోంచి కాఫీ వస్తుంది, సర్వాంగ కవచధారి ఆ కాఫీని నేల మీద చతికిలబడి సాసర్లో పోసుకుని తాగుతాడు.

ఆ వాక్యభాగాన్ని శ్రద్ధగా చదివేవారికి ఒక విషయం తడుతుంది. పౌలు అక్కడ మళ్లీ మళ్లీ చెప్పేది నిలబడమని, దండెత్తమని కాదు. చెప్పిన సరంజామాలో ఖడ్గం ఒక్కటి తప్పిస్తే తక్కినదంతా దెబ్బ కాచుకునే సామగ్రి. పైగా వీపుకు ఏ రక్షణా లేదు. 1678లో వెలువడిన జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణము’లో క్రైస్తవుడు అపొల్లియోను అనే రాక్షసుడు ఎదురుపడినప్పుడు వెనుదిరగకపోవడానికి కారణం కూడా ఇదే, వీపున కవచం లేదని అతనికి గుర్తుకొస్తుంది. యోధుడికి ఈ నిలబడే పని రుచించదు. శత్రువు రాకపోతే వెతుక్కుంటూ వెళ్లే స్వభావం ఆయనది. శత్రువు లేని రోజున ఆయనకు అన్నం సహించదు.

సైనిక పరిభాషను భక్తికి తొడగడం ఆయనతో మొదలైంది కాదు. 1865లో విలియం బూత్, ఆయన భార్య కేథరిన్ లండన్‌లో ప్రారంభించిన మిషన్ 1878లో ‘సాల్వేషన్ ఆర్మీ’, అంటే రక్షణ సైన్యం, అనే పేరు పెట్టుకుని, బోధకులకు కెప్టెన్, మేజర్ వంటి హోదాలిచ్చి, పత్రికకు ‘యుద్ధనాదం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఉదయం ప్రార్థన కూటాన్ని వారు ‘మోకాళ్ల డ్రిల్లు’ అన్నారు. వారం వారం వేసే కానుకకు ‘తూటా’ అని పేరు. సభ్యుడు చనిపోతే మహిమకు పదోన్నతి పొందాడని రాశారు. 1882లో భారతదేశానికి వచ్చిన ఆ సైన్యం తరవాతి కాలంలో బాపట్ల, స్టూవర్టుపురం ప్రాంతాల్లో పాతుకుపోయింది. యోధుడు దాని సభ్యుడు కాడు. అయితే తూటా అనే మాట విన్నప్పుడు కానుక సంచి పట్టుకుని తిరిగే సంఘపెద్ద చేతిలో అది తేలిగ్గా ఉండడానికి కారణం మందుగుండు కొరతేనని ఆయనకు తోచింది.

యోధుడు సాధారణంగా రెవెన్యూ శాఖలోనో, పంచాయతీరాజ్‌లోనో ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తా అయి ఉంటాడు. అందుచేతనే ‘ప్రాదేశిక ఆత్మలు’ అనే సిద్ధాంతం ఆయనకు ఇట్టే ఒంటబట్టింది. ఒక్కో ఊరినీ దేశాన్నీ ఒక్కో దురాత్మ ఏలుతుందనీ, దాని పేరు, పరిధి కనుక్కొని ప్రార్థనతో దాన్ని పడగొట్టాలనీ చెప్పే ఈ సిద్ధాంతాన్ని అమెరికాలోని ఫుల్లర్ వేదాంత కళాశాలలో బోధించిన సి. పీటర్ వాగ్నర్ వంటివారు 1980ల చివరినుంచి ప్రచారం చేశారు. దానియేలు పదో అధ్యాయంలో పారసీక రాజ్యాధిపతి అనే అదృశ్యశక్తి దేవదూతను 21 దినాలు అడ్డగించిన వృత్తాంతం వారికి ముఖ్యమైన ఆధారం. 1986లో ఫ్రాంక్ పెరెట్టీ రాసిన ‘దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్’ అనే నవలలో ఒక చిన్న పట్టణం మీద దేవదూతలూ దయ్యాలూ కత్తులు దూసుకుంటారు, విశ్వాసుల ప్రార్థన తగ్గితే దేవదూతల చేతుల్లో బలం తగ్గుతుంది. అది నవల అన్న సంగతి సముద్రాలు దాటి వచ్చేటప్పుడు కొందరి సామానులోంచి జారిపోయింది.

ఈ బోధను యోధుడు తన శాఖానుభవంతో అభివృద్ధి చేశాడు. జిల్లాకు ఒక అధిపతి, డివిజనుకు ఒక ఉప అధిపతి, మండలానికి ఒక చిల్లర దురాత్మ, గ్రామస్థాయిలో పార్ట్‌టైమ్ పద్ధతిన పనిచేసేవి మరికొన్ని అని ఆయన దగ్గరున్న రూళ్ల పుస్తకంలో పట్టిక ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 13 జిల్లాలను 26 చేసినప్పుడు ఆయన పడిన శ్రమ ఇంతా అంతా కాదు. అంతవరకు ప్రకాశం జిల్లా అధిపతి కింద ఉన్న చీరాల దురాత్మలు కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లా పరిధిలోకి వచ్చాయి. పాత అధిపతిని పాత పేరుతో బంధిస్తే కొత్త జిల్లాకు అది చెల్లుతుందా చెల్లదా అన్న సందేహం నాలుగు శుక్రవారాల ఉపవాస ప్రార్థనను మింగేసింది. చివరకు, జిల్లా పేరు ఎత్తకుండా పిన్‌కోడుతో బంధించడం మేలని తేల్చారు.

బంధించడమంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మత్తయి సువార్తలో భూమిమీద బంధించేవి పరలోకంలోనూ బంధించబడతాయన్న మాటను పట్టుకుని, దురాత్మను పేరు పెట్టి పిలిచి, యేసు నామంలో ‘బంధించుచున్నాను’, ‘గద్దించుచున్నాను’ అని ప్రకటించే పద్ధతి ఇది. యోధుడు వారానికొకసారి తాగుడు దురాత్మను, అప్పుల దురాత్మను, సంబంధాలు కుదరనీయని దురాత్మను వరుసగా బంధిస్తాడు. పోయిన శుక్రవారం కట్టేసినవాటిని మధ్యలో ఎవరు విప్పారని సండేస్కూలు పిల్లవాడెవడైనా అమాయకంగా అడిగితే, “మీ నాన్న కూటానికి రాకపోతే ముడి వదులవదట్రా?” అని జవాబు వస్తుంది. పిల్లవాడి తండ్రి ఆ మరుసటి వారం వస్తాడు. ఈ సిద్ధాంతం ఫలితాలనివ్వదని అనడానికి వీల్లేదు.

ఆరాధన కూడా ఆయన దృష్టిలో ఆయుధమే. యెహోషాపాతు రాజు సైన్యానికి ముందు పాటగాళ్లను నడిపించాడు. పౌలు, సీల చెరసాలలో అర్ధరాత్రి పాడుతుంటే భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. స్తుతి ఆరాధన చేసే కుర్రకారుకు యెహోషాపాతు అంటే ప్రాణం, ఎందుకంటే పాటగాళ్లను ముందు నిలబెట్టమని లేఖనంలోనే ఉందని చెప్పి కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వేదిక మీద ముందుకు జరపవచ్చు. యోధుడికి యెరికో ఇష్టం. ఆరు దినాలు దినానికొకసారి, ఏడో దినాన ఏడుసార్లు కోట చుట్టూ తిరిగి కేకలు వేస్తే గోడ కూలిన వృత్తాంతాన్ని అనుసరించి, తగాదాలో ఉన్న సంఘం స్థలం చుట్టూ ఆయన పదిమందిని వెంటబెట్టుకుని తిరుగుతాడు. ఏడో దినాన అందరూ గట్టిగానే కేకవేస్తారు. కానీ ఆ స్థలానికి అసలు గోడే ఉండదు, చిక్కంతా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ కాగితంలో ఉంటుంది.

శుక్రవారపు కూటంలో మైకు కీచుమంటే అది శత్రువు పని. కీబోర్డు తీగ ఊడితే అదీ శత్రువు పనే. కరెంటు పోయినప్పుడు యోధుడు చీకట్లోనే లేచి, అంధకార శక్తులను ఉద్దేశించి స్వరం పెంచుతాడు. స్త్రీల వరసలోంచి ఆయన భార్య, “ఏవండీ, ఎదురింట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, మన ఫ్యూజే పోయినట్టుంది, ఒకసారి చూడండి” అంటుంది. ఆయన చూడడు. ఒక కుర్రవాడు వెళ్లి తీగ ముక్క చుట్టి వస్తాడు, లైట్లు వెలుగుతాయి, “స్తోత్రం” అని హాలంతా మారుమోగుతుంది, ఆ విజయం యోధుడి ఖాతాలో జమ అవుతుంది. కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలు గొంతు చించుకుంటుంటే మీ దేవుడు నిద్రపోతున్నాడేమో ఇంకా గట్టిగా పిలవమని ఏలీయా ఎగతాళి చేసిన ఘట్టం ఆయనకు ప్రీతిపాత్రమైన ప్రసంగాంశం. దాన్ని ఆయన ఎకో పెట్టించుకుని చెబుతాడు.

అయితే ఆయన కళ పరాకాష్ఠకు చేరేది విజ్ఞాపనలో. విజ్ఞాపన అంటే ఇతరుల పక్షాన దేవుణ్ణి వేడుకోవడం. దేవుణ్ణి సంబోధిస్తూ పక్కగదిలోని మనిషికి చురక అంటించడానికి ఇంతకంటే మర్యాదైన మార్గం ఇంకా కనుక్కోలేదు. “ప్రభువా, ఈ గృహంలో పెద్దల మాట వినిపించుకోనీయని ఆ బధిరాత్మను ఈ రాత్రే గద్దించుము” అని యోధుడు కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, వంటింట్లో కోడలు గిన్నెలను కొంచెం గట్టిగా బోర్లిస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం పాత పద్ధతి. ఇక్కడ కోడలి మీద కోపం పరలోకం గుండా చుట్టు తిరిగి వస్తుంది. పోరాటం మనుషులతో కాదన్న పౌలు మాట ఈ ఇంట్లో గోడ మీద ఫ్రేములో, ఆ వంటింటి గుమ్మానికి పైననే వేలాడుతుంది.

యోధుడు తరచూ తలుచుకునే చారిత్రక ఘట్టం ఒంగోలు ప్రార్థన కొండది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు, ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ రెండు తేదీల మధ్య 24 ఏళ్లు గడిచాయనీ, ఘోరమైన కరువు వచ్చిందనీ, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడనీ చరిత్ర చెబుతుంది. యోధుడి కథనంలో కాలువ ఉండదు; కొండ మీంచి కథ నేరుగా ఏట్లోకి దూకుతుంది. కొండెక్కిన ఐదుగురి దగ్గరా లౌడ్‌స్పీకరు లేదన్న సంగతి కూడా ఆయన ఎత్తడు.

ఇంతటి వాణ్ణి సంఘం ఎందుకు భరిస్తుందన్న ప్రశ్నకు జవాబు ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతుంది. ఆటో తోలేవాడి భార్యకు కాన్పు కష్టమైన రాత్రి పాస్టరు వేరే ఊళ్లో కూటాలకు వెళ్లి ఉంటాడు, సంఘపెద్ద ఫోను ఎత్తడు. రెండో మోతకే ఎత్తేది యోధుడు. ఆయన ఫ్లాస్కుతో వస్తాడు, జేబులో పింఛను డబ్బు ఉంటుంది. రక్తం ఎక్కించాలంటే తనది తీసుకోమని చొక్కా చెయ్యి మడుస్తాడు, వయసు దాటిందని వాళ్లు వద్దంటే కొడుకును నిద్రలేపి రప్పిస్తాడు. వార్డు ముందు ఆయన నోరు తెరవగానే నర్సు, “తాతా, ఇక్కడ అరవకూడదు” అంటుంది. అప్పుడు ఆయనకు అధిపతుల పేర్లు, డివిజన్లు, పిన్‌కోడు ఏవీ గుర్తుకు రావు. బల్ల మీద కూర్చుని ఆటోవాడి చెయ్యి పట్టుకుని, “అయ్యా, చూడు తండ్రీ, చూడు” అని మాత్రం గొణుగుతుంటాడు. నాలుగున్నర అయ్యేసరికి అలవాటు కొద్దీ లేచి నిలబడి నడుము బిగిస్తాడు, ఛాతీ అదుముకుంటాడు, డాలు అందుకుంటాడు. జోడు దగ్గరికి వచ్చి కిందికి చూస్తే, వార్డు గుమ్మం ముందు విడిచిన చెప్పులు కనబడవు. అది ఎవరి పనో ఆయన ఆ పూట ప్రకటించడు, వాచ్‌మన్‌ను లేపి, “బాబూ, నల్ల పట్టీలవి, ఒక పట్టీకి పిన్నీసు ఉంటుంది, ఎక్కడైనా చూశావా?” అని అడుగుతాడు.