గుండె జబ్బున్న పెద్దలకు చెప్పకూడని సలహాలు

స్టెంటు వేయించుకున్న పెద్దాయన అంగస్తంభన సరిగా లేదని స్నేహితుడికి చెప్పుకుంటే అనకాపల్లిలోనైనా మరెక్కడైనా వచ్చే సలహాలు ఇవే. ఒక్కటీ వినకండి.

"మందుల షాపులో ఓ మాత్ర అడిగి తెచ్చుకో, ఎవరికీ తెలీదు." అన్నిటికన్నా ప్రమాదం ఇదే. అలా తెచ్చుకునే మాత్ర చాలావరకు సిల్డెనాఫిలే. దాన్ని ఫైజర్ కంపెనీ మొదట గుండెనొప్పి కోసమే పరీక్షించింది. వయాగ్రాగా 1998లో అనుమతి వచ్చింది. అది రక్తనాళాలను సడలిస్తుంది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ చేసే పనీ అదే. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవారు ఈ మాత్ర ముట్టుకోనే కూడదు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, అలాంటిదే అయిన టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ పడకూడదు. ఈలోగా ఛాతీ నొప్పి వస్తే సార్బిట్రేట్ పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఏ మాత్ర, ఎప్పుడు వేసుకున్నారో అంబులెన్సులోనే చెప్పేయండి. సిగ్గుపడి దాస్తే, తెలియక వాళ్ళే నైట్రేట్ ఇచ్చే ప్రమాదముంది. ఇంట్లో భార్యకు కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి.

"బీపీ మాత్రల వల్లే ఇదంతా, మానెయ్." కొన్ని మాత్రలతో ఈ ఇబ్బంది వచ్చే మాట నిజమే. వాటిని మార్చాల్సింది డాక్టరు. మెటోప్రొలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండెపోటు రావచ్చు.

"మూలికల లేహ్యమే కదా, ఏం కాదు." ఇలా అమ్మిన సరుకులో సిల్డెనాఫిల్‌నే గుట్టుగా కలిపిన సంగతి చాలా దేశాల్లో బయటపడింది. లైంగిక శక్తి పెంచుతామనే ప్రకటనలను మన దేశం 1954లోనే చట్టం చేసి నిషేధించింది. గోడల మీద రాతలు ఆగలేదు.

"ఈ వయసులో ఇంకా ఎందుకు? రామా కృష్ణా అనుకో." నాకు బాగా కోపం తెప్పించేది ఈ మాటే. ఆలుమగల దగ్గరితనానికి వయసు అడ్డమని ఎవరన్నారు? పైగా అంగానికి వెళ్ళే రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నవి. పూడిక ప్రభావం ముందు అక్కడే కనిపించి, కొన్నేళ్ళకు గుండెనొప్పిగా బయటపడవచ్చు. అందుకే గుండె జబ్బు లేనివారూ ఈ లోపం కనిపించగానే షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి.

నైట్రేట్లు వాడకుండా, జబ్బు అదుపులో ఉన్న చాలామందికి డాక్టరు చూసి సిల్డెనాఫిల్ మాత్రే ఇవ్వగలరు. రెండంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కినా నొప్పి, ఆయాసం రాకపోతే అది మంచి సూచన. అనుమానముంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు. మాత్ర పడనివారికి వాక్యూమ్ పరికరం లాంటి వేరే దారులున్నాయి.

ఈసారి విశాఖ కేజీహెచ్‌కి వెళ్ళినా, ఊళ్ళో డాక్టరు దగ్గరికే వెళ్ళినా, వాడే మందులన్నీ సంచిలో పట్టుకెళ్ళి, "డాక్టరుగారూ, నాకు అంగస్తంభన సరిగా ఉండటం లేదు, ఏం వాడవచ్చు?" అని అడగండి.