సముద్రం దాటిన సైకిల్ వీరులకు జేజేలు

భాగ్యనగర సైకిల్ వీరులారా, మీకు వెయ్యి దండాలు. తెల్లారకముందే లేచి, ఒంటికి అతుక్కుపోయే జెర్సీ తొడిగి, కళ్లకు నల్లద్దాలు, హ్యాండిల్‌కు జీపీఎస్ తగిలించి, వరంగల్ రోడ్డు మీద సుమారు 85 కిలోమీటర్లు తొక్కి మా జనగామకు వస్తారు. ఇడ్లీ తిని, ఫొటో దిగి, వచ్చిన దారినే వెళ్లిపోతారు. మీ దీక్షను ఏ నోట పొగడను? దారిలో పెంబర్తి ఉందని, అక్కడ ఇత్తడి రేకు మీద సుత్తి చప్పుడు ఇంకా ఆగలేదని మీకు తెలియదు. తెలియకపోవడమే ఏకాగ్రత. చూపు ముందు చక్రం దాటితే సగటు వేగం పడిపోదూ!

ఈ సాధనంతా విదేశీ శిక్షణ శిబిరం కోసమని తెలిశాక మీ మీద గౌరవం రెట్టింపైంది. మొన్న టిఫిన్ సెంటర్ ముందు ఒక తాత మీలో ఒకరిని అడిగాడు: “ఏం బిడ్డా, బండి ఖరాబైందా, సైకిల్ మీదొచ్చినవ్?”

“లేదు తాతా, ట్రైనింగ్. వచ్చే నెల స్పెయిన్ పోతున్నం.”

“గంత దూరం సైకిల్ మీదనేనా?”

“లేదు తాతా, విమానంల. సైకిల్ గూడ విమానంలనే.”

తాత గోడకు ఆనించిన తన పాత అట్లాస్ వైపు తిరిగి, “నిన్ను ఒక్కపాలి బస్సు గూడ ఎక్కియ్యకపోతి గదనే” అని దాన్ని ఓదార్చాడు. అమాయకుడు. సైకిల్ అంటే మనిషిని మోసేదనే పాతకాలపు నమ్మకం ఇంకా పోలేదు.

స్పెయిన్‌లో మీరు ఎంచుకున్న మయోర్కా ద్వీపం సామాన్యమైన చోటు కాదు. ఉత్తర ఐరోపా చలికి ముడుచుకుని ఉన్న రోజుల్లో అక్కడి సైక్లిస్టులు ఎండ కోసం ఆ దీవికి చేరతారు. వాళ్లకు ఎండ కరువు. మీకూ కరువే కాబోలు! మే నెలలో భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర కాసేది ఎండ కిందికి రాదు, దానికి వీసా అక్కర్లేదు కదా. వేడికి ఒళ్లు అలవాటు పడాలని ప్రొఫెషనల్ రైడర్లు మూసిన గదుల్లో చెమటలు కక్కుతూ తొక్కుతారట. పాపం, వాళ్లకు రామప్ప దాటి ఘన్‌పూర్ మీదుగా భూపాలపల్లికి దారి ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆ దీవిలోని సా కలోబ్రా దారి మరీ గొప్పది. ఆంటోనియో పరియెట్టి అనే ఇంజినీరు 1932లో వేయించాడు. సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 7 శాతం వాలు. ఒకచోట రోడ్డు టై ముడిలా తన కిందినుంచి తానే దూరిపోతుంది. దాన్ని వేసింది యాత్రికుల కోసం. పనికి పోయేవాళ్ల కోసం కాదు గనుక మీకు సరిగ్గా సరిపోయింది.

మీలో కొందరు ఇంకా ఎత్తుకు ఎదిగి టెనెరిఫ్ దీవిలోని తైదే కొండకు పోతారు. రెండు వేల మీటర్ల పైన ఉంటే ఎర్ర రక్తకణాలు పెరుగుతాయన్నది నిజమే. అందుకు దాదాపు మూడు వారాలు పడుతుందన్నదీ నిజమే. ఆఫీసు ఇచ్చే సెలవు వారం. అందులో ప్రయాణ బడలిక, కాఫీ హోటళ్లు, ఫొటోలు పోను మిగిలిన రోజుల్లోనే మీ రక్తం ఆ పని ముగిస్తుంది. ప్రభుత్వ పనులు కూడా మీ రక్తానికి అప్పగిస్తే బాగుండు.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీ సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదంది. మీరు ఏ పోటీలోనూ లేరు. అయినా ఆ గీత దాకా దిగాలని లక్షలు పోసి గ్రాములు తగ్గిస్తారు. పాలకుర్తి దారిలో పాలాయన క్యారేజీకి రెండు క్యాన్లు కట్టి బరువు పెంచుకుంటాడు. ఆయనకు సైన్సు తెలియదు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రానికి 1,100 మెగావాట్ల సామర్థ్యం ఉందని లెక్క ఉంది. మొదటి షిఫ్టుకు సైకిల్ మీద పోయిన సింగరేణి కార్మికుడి కాళ్లు ఎన్ని వాట్లు తీశాయో లెక్క లేదు. మీ కాళ్ల వాట్లు మాత్రం సెకను సెకనుకూ ఫోన్‌లో పడతాయి. చరిత్ర అంటే రాసిపెట్టిందేగా!

ఇక్కడ మీకు తగిన సరంజామా లేదనకండి. తొర్రూరు నుంచి మానుకోట దాకా వడ్ల కాలంలో సగం రోడ్డు కల్లమవుతుంది. మిగిలిన సగంలో హ్యాండిల్ తిప్పడం ఉచిత పాఠం. కేసముద్రం మార్కెట్‌కు పోయే మిర్చి బండి వెనక పది నిమిషాలు తొక్కితే ఊపిరితిత్తుల సాధన. గూడూరు, కొత్తగూడ అడవి దారి చూపేది ఎక్కుడు దిగుడు. కాళేశ్వరం వైపు నుంచి వచ్చే ఇసుక లారీ పక్కనుంచి దూసుకుపోతే గుండె దడ ఎంతకు చేరుతుందో మీ వాచీ కూడా నమ్మదు.

2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్ అనే సైకిల్ పందేల ట్రాక్ కట్టారు. దాని బాగోగులు అడగడం మీ స్థాయికి తగదు. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ ప్రారంభించి మీ నెత్తిన నీడ పట్టారు. ఆ నీడ జనగామ దాకా రాలేదు. మీరూ రమ్మని అడగలేదు. మీకున్నంత సంతృప్తి మునులకైనా ఉందా?

పొగిడింది చాలు, ఒక్క మనవి. డబ్బు మీది, సెలవు మీది, మయోర్కాకు నిక్షేపంగా వెళ్లి రండి. వచ్చాక ఒక్క వారం జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల్లో తొక్కండి. ఆ తర్వాత రోడ్లు భవనాల శాఖకు ఒక అర్జీ పెట్టండి: తెల్ల గీతకు ఇవతల సైకిల్ పట్టేంత జాగా కావాలని. తండా నుంచి హైస్కూలుకు సైకిల్ మీద పోయే పిల్లకూ, పాలాయనకూ కావలసింది అంతే. వాళ్లు అడిగితే కాగితం బల్ల మీదే ఉంటుంది. మీరు అడిగితే కదులుతుంది.