గుడి, కుడి, నోట్సు

ప్లస్ టూ పరీక్షలు అయిపోయాయి, రిజల్ట్ రాలేదు. ఇంట్లో ఉంటే ఫోను, బయటికెళితే క్రికెట్టు. "కాలేజీలో నోట్సు ఎట్ల రాసుకోవాలో రొంత చెప్పన్నా" అంటూ మా తిరుత్తణి వీధి తల్లులు అయిదుగురు పిల్లల్ని మా తిన్నె మీదికి తోలారు. నా నోట్సు సంగతి వాళ్లకేం తెలుసు పాపం!

కాలేజీలో లెక్చరర్ నోరు తెరిస్తే చాలు, నా పెన్ను పరుగందుకునేది. పరీక్ష ముందు రాత్రి కంఠతా పడుతుంటే ద్రవ్యోల్బణానికి మూడో కారణం "వెనక బెంచీ, లేచి బయటికి పో" అని ఉంది. అదీ రాసొచ్చాను.

అందుకే పిల్లలకు కోర్నెల్ పద్ధతి ఎత్తుకున్నాను. కోర్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ తయారుచేసి, 1962లో పుస్తకంలో పెట్టిన పద్ధతి. కాగితానికి ఎడమ పక్క ఒక నిలువు గీత. కుడివైపు విన్నది కుదించి రాయాలి, ఇంటికెళ్లాక ఎడమవైపు ప్రశ్నలు, అడుగున సారాంశం. కుడివైపు చేత్తో మూసి, ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాలి.

పరీక్షకని మా ఊరి గురించే అయిదు నిమిషాలు మాట్లాడాను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, గుడికి 365 మెట్లు, ఇలాగ.

కుదించమన్నాను కదా, ఒకడు "తిరు." అని రాశాడు. తిరుత్తణి, తిరువళ్ళూరు, తిరుపతి ఒకే రైలు దారిలో ఉన్న చోట ఆ పొట్టి మాట దేనికి పనికొస్తుంది? పైగా తమిళంలో తిరు అంటే శ్రీ. పక్కవాడు చదివితే, శ్రీవారెవరో 1960లో చిత్తూరు వదిలి మద్రాసుకు కాపురం మార్చారని తేలింది.

ఇంకో పిల్లది ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. 2006 చట్టంతో బళ్లో తమిళం తప్పనిసరి అయ్యాక పుట్టిన పిల్ల, తెలుగు అక్షరాలు రావు. తెలుగునే తమిళ లిపిలో రాసింది. ఆ లిపిలో కకు, గకు ఒకటే అక్షరం. "మా నాయన రోజూ పొద్దున్నే గుడికి పోతాడు" అని ఉదాహరణ కూడా చేర్చుకుంది. తమిళ పిల్లవాడు దాన్ని "కుడికి" అని చదివాడు. తమిళంలో కుడి అంటే తాగుడు. ఆయనేమో విభూతి పెట్టకుండా గడప దాటని మనిషి!

చివరికి అడుగు గడిలో సారాంశం చక్కగా కుదించినవాడు ఒక్కడే. "ఆంటీ కాఫీ తెచ్చింది. సార్‌కు మాత్రమే."

మర్నాడు మా ఆవిడ ఆరు గ్లాసులు పట్టుకొచ్చింది.