మేటర్ మావయ్య

ప్రతి కుటుంబానికీ ఒక మేటర్ మావయ్య ఉంటాడు. శుభలేఖ మేటర్ ఆయనే రాయాలి. గృహప్రవేశం కార్డు ప్రూఫ్ ఆయనే దిద్దాలి. పెద్దకర్మ పిలుపులో ఏ అల్లుడి పేరు ముందు, ఏ అల్లుడి పేరు వెనక అన్న పీటముడి ఆయనే విప్పాలి. విప్పుతూ విప్పుతూ ఇంకో రెండు ముళ్లు వెయ్యాలి. అడిగితే చేస్తారు. అడక్కపోతే ఇంకా శ్రద్ధగా చేస్తారు.

మా వాటాకు వచ్చిన మావయ్యది చిక్కడపల్లి. ఉద్యోగమంతా ఆడిట్ పేరాలు రాయడంతో గడిచింది. రిటైరయ్యాక పేరాలు ఆగాయి గానీ పెన్ను ఆగలేదు, దుకాణాల బోర్డుల మీదికి మళ్లింది. పొద్దున్నే వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర బయల్దేరి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా ఆయనతో నడిచి చూడండి. ప్రతి బోర్డూ పైకి చదువుతారు. సగంలో ఆగి "ఛ" అంటారు. ‘బోజనం’ అని రాసిన మెస్సులోకి నేరుగా వెళ్లి, గల్లాపెట్టె దగ్గరున్న మనిషితో "బాబూ, మీ భోజనంలో ఒత్తు లేదు" అంటారు. ఆ మనిషి సాంబారులో ఏదో తక్కువైందనుకుని వంటవాణ్ణి కేకేస్తాడు. విషయం తెలిశాక "అయిదేళ్లుగా అట్లనే ఉంది సార్, ఒక్కరూ తినకుండా పోలే" అంటాడు. మావయ్య బయటికొచ్చి నాతో, "చూశావా, అయిదేళ్లుగా అభ్యంతరం పెండింగులో ఉంది" అంటారు.

ఒక్కొక్కప్పుడు ఆయన చూపులో నిజంగా పదును ఉంటుంది, కాదనను. చిక్కడపల్లి ఎక్కడ ఆగి అశోక్‌నగర్ ఎక్కడ మొదలవుతుందో ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లు కూడా తేల్చి చెప్పలేరు. ఒకే సందులో ఎడమ చేతి దుకాణం చిక్కడపల్లి అంటుంది, కుడి చేతిది అశోక్‌నగర్ అంటుంది. పిన్‌కోడు చూద్దామంటే రెండింటికీ 500020. నారాయణగూడలోకి దిగితే గానీ 500029 రాదు. మావయ్య లెక్క ఏమిటంటే, ‘స్టడీ హాల్’ బోర్డులు ‘సంగీత శిక్షణ’ బోర్డుల కంటే ఎక్కువైన చోట అశోక్‌నగర్ మొదలైనట్టు. త్యాగరాయ గానసభ ఈ పక్కా, గ్రూప్స్ కోచింగు ఆ పక్కా పెట్టుకుని చూస్తే సర్వే వాళ్లు గీసిన గీత కన్నా ఈ లెక్కే నయం.

గానసభ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మావయ్య జబ్బుకు మూలం అక్కడి సాయంత్రాలే అని నా అనుమానం. ఆయన సన్మాన సభలు వదలరు. వేదిక వెనకాల ఫ్లెక్సీ మీద అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, గౌరవ అతిథి, ఒక్కొక్కరి పేరు ముందు బిరుదు, వెనక పూర్వపు హోదా. ఏ ఒక్క పేరు జారినా ఆ మనిషి జన్మలో మాట్లాడడు. ఏళ్ల తరబడి అలాంటి ఫ్లెక్సీల ఎదురుగా కూర్చున్నవారికి బోర్డంటే ఏమిటనిపిస్తుంది? ఎవర్నీ నొప్పించకుండా అందర్నీ ఎక్కించాల్సిన పడవ. మునిగితే మునిగింది, ఒడ్డున మాత్రం ఎవరూ మిగలకూడదు.

ఇలా ఉండగా మా పిన్ని కొడుకు అశోక్‌నగర్ సందులో షట్టర్ ఒకటి అద్దెకు తీసుకుని కర్రీ పాయింట్ పెడతానన్నాడు. మంచి ఆలోచనే. అక్కడ గ్రూప్-1కూ, గ్రూప్-2కూ, సివిల్స్‌కూ చదివే పిల్లలు అన్నం గదిలోనే కుక్కర్లో వండుకుంటారు, కూర బయట కొనుక్కుంటారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుపోయేదాకా కూర్చుని, పాకెట్టు పప్పు, పాకెట్టు వేపుడు పట్టుకుని గదికి పోతారు. వంట మా పిన్నిది. గిన్నెలు, గ్యాసు, డీప్ ఫ్రీజరు అన్నీ వచ్చేశాయి. ఇక బోర్డొక్కటే తరువాయి అనుకున్నాం. అప్పుడు తమ్ముడు చేసిన తప్పల్లా ఒకటే. మావయ్య వింటుండగా "బోర్డు ఎవరితో చేయిద్దాం అన్నయ్యా?" అని నన్నడిగాడు.

మర్నాడు పొద్దున్నే మావయ్య టేపుతో దిగారు. రెండో కొస నాకిచ్చారు. కుటుంబంలో ఎవరి బోర్డయినా టేపు రెండో కొస నాదే. ఆ కసితోనే ఇదంతా రాస్తున్నానని అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. కొలత పది అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు తేలింది. తెల్ల కాగితం తీసి పైన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అని రాసి, "కర్రీ పాయింటుకు అవిఘ్నం మరీ ముఖ్యం రా, గ్యాసు వ్యవహారం" అన్నారు.

ఆ పైన ఏ దేవుడి బొమ్మ? చిక్కడపల్లిలో ఉంటూ వెంకటేశ్వరస్వామిని కాదనడానికి లేదు. పిన్ని అత్తవారి ఇలవేల్పు నరసింహస్వామి. విఘ్నేశ్వరుడు లేకుండా మొదలుపెట్టకూడదు. కూరలు కాబట్టి అన్నపూర్ణ. నలుగురూ వచ్చేసరికి బోర్డులో ఎడమవైపు రెండడుగులు పోయింది. "కుడివైపు కూడా నలుగురిని వేస్తే తూకంగా ఉంటుంది" అన్నారు మావయ్య. తమ్ముడు నీళ్లు తాగొస్తానని లేచాడు.

తర్వాత స్థాపించిన సంవత్సరం. "ఇంకా తెరవనే లేదు కదా మావయ్యా" అన్నాన్నేను. "1953లో కరాచీ బేకరీ తెరిచిన రోజున వాళ్లూ కొత్తవాళ్లే. ఇవాళ రాసి ఉంచుకుంటే నీ మనవడి కాలానికి పాతదవుతుంది" అన్నారు. ఆ వెంటనే ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ అని రాశారు. అప్పటికి అసలు దుకాణానికే కరెంటు కనెక్షన్ లేదు.

చిరునామా దగ్గర ఆయన విశ్వరూపం చూశాం. హైదరాబాదు ఇంటి నంబరు గురించి చెప్పేదేముంది, డాష్‌లూ బైలూ బై ఏలూ కలిపి ఒక వరుస. దాని కింద ‘సిటీ సెంట్రల్ లైబ్రరీ వెనక సందు’. దాని కింద ‘త్యాగరాయ గానసభ నుంచి వచ్చేవారు ఎడమవైపు తిరగవలెను’. ఆ కింద మెట్రో పిల్లర్ నంబరు.

"మావయ్యా, బోర్డు చదువుతున్నవాడు బోర్డు ముందే ఉంటాడు కదా. వాడికి దారి ఎందుకు?"

"వాడికి కాదురా. వాడు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తే చూసేవాడికి."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మావయ్యతో గొడవ ఇక్కడే, పదింటిలో తొమ్మిది అసంబద్ధంగా ఉంటాయి, పదోది మనల్ని నోరెత్తనివ్వదు.

మెట్రో ఆయన బుర్రలో ఇంకో పురుగును వదిలింది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కు వెళ్లే రైలు 2020 ఫిబ్రవరి నుంచి చిక్కడపల్లి నెత్తి మీదుగా నడుస్తోంది. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లంతా కిందికి చూస్తుంటారు కాబట్టి మేడ మీద ఇంకో బోర్డు పెట్టాలన్నారు. మధ్యలో మూడు అపార్టుమెంట్లు అడ్డున్నాయని తమ్ముడు మొత్తుకున్నాడు. చివరికి ఆ ఆలోచనను ఆపింది మావయ్యే. నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటి ప్రకటన బోర్డులు ఉండరాదని అదే ఏడాది ఏప్రిల్లో జీవో వచ్చిందని ఆయనే గుర్తు చేసుకున్నారు. "ఫిబ్రవరిలో జనాన్ని పైకెక్కించారు, ఏప్రిల్లో బోర్డుల్ని కిందికి దించారు" అని నిట్టూర్చి ఆ కాగితం మడిచారు. ఆడిట్ రక్తం మరి, నియమం కనిపిస్తే ఆగిపోతారు.

కానీ నియమం కనిపిస్తే మొదలయ్యేవీ ఉన్నాయి. జీఎస్టీలో నమోదైన వ్యాపారి ప్రవేశద్వారం దగ్గరి పేరు బోర్డు మీద ఆ నంబరు చూపించాలని 2017 నాటి నిబంధన. మొత్తం 15 అక్షరాలూ అంకెలూ, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. కాంపోజిషన్ పథకంలో ఉంటే ఆ ముక్క కూడా బోర్డు మీద రాసుకోవాలి. మా తమ్ముడి ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే కదా ఆ నంబరు అవసరం! మావయ్య మాత్రం 36 అని వేసి, పక్కన పదమూడు ఖాళీ గళ్లు గీశారు. "రేపు దాటితే మళ్లీ బోర్డు చేయిస్తావా? గళ్లుంటే పెయింటుతో నింపుకోవచ్చు." ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు పధ్నాలుగు అంకెలు లోపల గోడకు తగిలిస్తే చాలు. ఆయన దాన్నీ బయటికి తెచ్చారు. అంకెలే మా బోర్డులో సగం అయ్యాయి, ఫోన్ నంబర్లు కాకుండా. ఫోన్లు మూడు. అందులో ఒకటి మావయ్యది. "మీరెందుకు?" అంటే "ఫిర్యాదులకు" అన్నారు.

భాష సంగతి కూడా తెగలేదు. దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. దాని కింది నియమాల్లో పేరు బోర్డు తెలుగులో ఉండాలి, మరో భాష వాడితే అది తెలుగు కింద రావాలి అని ఉంది. ఈ నియమం ముక్కు మీద పెట్టుకుని ఆయన చాలామంది దుకాణదారుల నిద్ర చెడగొట్టారు. అంతవరకూ నేను ఆయన పక్షమే. ఉర్దూ కూడా 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష కాబట్టి అదీ ఉండాలన్నారు. మావయ్యకు ఉర్దూ రాదు. వీధి మలుపులో ఉండే టైలర్ సాబ్ దగ్గరికి పోయి మొత్తం మేటర్ చదివి వినిపించారు. ఆయన కత్తెర పక్కన పెట్టి ఓపిగ్గా విన్నాడు. చివరికి "ఇదంతా దేనికి సాబ్" అని, చాక్‌పీసుతో నల్లగుడ్డ మీద రెండే మాటలు రాసిచ్చాడు. మావయ్య దాన్ని ఫోటో తీసుకుని వచ్చారు.

మేటర్ మొత్తం ఇరవై మూడు వరుసలు తేలింది. పప్పుల రకాలు, వేపుళ్ల రకాలు, ‘షుగరు వారికి పుల్కాలు లభించును’, ‘శుభకార్యములకు ఆర్డర్లు స్వీకరించబడును’, ప్రొప్రయిటరుగా తమ్ముడి పేరు, ఆశీస్సులతో మా బాబాయి పేరు అన్నీ వచ్చాయి. అన్నిటి కింద సన్నటి అక్షరాల్లో ‘వంట’ అని మా పిన్ని పేరు. ఇది మటుకు నేను ఊహించలేదు. యజమాని పేరు, యజమాని తండ్రి పేరు, యజమాని గురువు పేరు బోర్డుల మీద చూశాను గానీ, వండే మనిషి పేరు చూసిన గుర్తు లేదు. పిన్నికి చూపిస్తే "నా పేరెందుకు అన్నయ్యా, పప్పులో ఉప్పెక్కువైతే నన్నే తిడతారు" అంది గానీ, కాగితం మాత్రం వెంటనే తిరిగివ్వలేదు.

నారాయణగూడలో ఒక డీటీపీ షాపుకు పోయాం. మావయ్య మేటర్‌ను వాట్సాప్‌లో పంపారు. ఆ కుర్రాడు దాన్ని అను ఫాంట్లలోకి మార్చగానే అవిఘ్నమస్తు విఘ్నాల పాలైంది, ‘ఘ్న’ విడిపోయి రెండు ముక్కలైంది. మావయ్య కుర్చీ లాక్కుని కుర్రాడి భుజం వెనక కూర్చున్నారు. డీటీపీ ఆపరేటర్లకు ఇంతకు మించిన శిక్ష లేదని నా నమ్మకం.

కుర్రాడు మర్యాదస్తుడు. పని ఆపి లెక్క చెప్పాడు. అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల నుంచి హాయిగా చదవచ్చు. యాభై అడుగుల దూరంలో బైకు మీద వచ్చేవాడు చదవాలంటే అయిదు అంగుళాలు కావాలి. ఇంగ్లీషయితే అంతటితో సరి, తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు, వాటికీ చోటు కావాలి. మూడడుగుల బోర్డులో నాలుగు వరుసలు పడతాయి సార్, మహా అయితే అయిదు. మీరిచ్చిన ఇరవై మూడూ వేస్తే కూర కట్టించుకుని డబ్బులిచ్చాక చదువుకోవాల్సిందే.

"ఇంకోటి సార్. కర్రీ పాయింట్ అని ఎక్కడ పెట్టాలి?"

మావయ్య కళ్లజోడు సవరించుకున్నారు. కాగితం మొదట్నుంచి చివరిదాకా చూశారు. వెనక్కి తిప్పి చూశారు. అవిఘ్నం ఉంది, 36 ఉంది, ఫిర్యాదుల నంబరు ఉంది. అది ఏం దుకాణమో చెప్పే మాట మాత్రం ఎక్కడా లేదు. దేవుళ్ల కోసం, సర్కారు కోసం, చుట్టాల కోసం, ఇంకా పుట్టని మనవల కోసం అన్నీ రాశారు. ఆకలితో సందులోకి వచ్చేవాడు ముందుగా వెతికే ఆ ఒక్క మాట రాయలేదు. టైలర్ సాబ్ ఉర్దూలో రాసిచ్చిన రెండు మాటలేమిటని కుర్రాడు పక్క షాపతన్ని పిలిచి చదివించాడు. "గరం సాలన్." వేడి కూర. ఇరవై మూడు వరుసల్లో దుకాణం ఏమిటో చెప్పిన వరుస అదొక్కటే!

మావయ్య అలుగుతారనుకున్నాను. అలగలేదు. "అందుకే కదా ప్రూఫ్ చూడాలనేది" అన్నారు.

బోర్డు నాలుగు వరుసలతో వచ్చింది. పైన తెలుగులో కర్రీ పాయింట్, దాని కింద శాకాహారం మాత్రమే అని, తర్వాత వంట అని పిన్ని పేరు, చివర టైలర్ సాబ్ మాటలు. రెండు వరుసలు మావయ్య పుణ్యమేనని ఒప్పుకోక తప్పదు. మిగిలిన ఇరవై ఒక్క వరుసల్నీ ఆయన వదులుకుంటారనుకోవడం మా అమాయకత్వం. పెద్ద కాగితం మీద కొట్టించి, లామినేషన్ చేయించి, కౌంటరు పక్కన వేలాడదీశారు. కూర కట్టేలోపు నిలబడే పిల్లలకు వేరే పని లేదు, దాన్ని ఆమూలాగ్రం చదువుతారు. జనరల్ స్టడీస్ చదివి చదివి కళ్లు కాయలు కాచినవాళ్లు, తప్పు దొరికితే వదులుతారా! ‘స్వీకరించబడును’లో దీర్ఘం లేదని ఒక పిల్లవాడు పట్టుకున్నాడు. మావయ్య ఫాంటు మీద నెపం వేసినా, లోలోపల ఎంత పొంగిపోయారంటే ఆ అబ్బాయికి రోజూ ఓ గరిటె పచ్చడి ఉచితమని తమ్ముడికి హుకుం జారీ చేశారు.

వ్యాపారం బాగుంది. మొన్న తమ్ముడు నారాయణగూడలో రెండో షట్టరు చూసుకొచ్చాడు. మావయ్య ససేమిరా అంటున్నారు. అద్దె ఎక్కువనో, చోటు మంచిది కాదనో కాదు. ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ అని కొట్టించి లామినేషన్ కూడా చేయించాం, ఇప్పుడెలా తెరుస్తామని.